కాటన్ దొర దగ్గర మొదలుపెట్టి మావుళ్ళమ్మ దాకా

సియాటెల్‌లో ఫ్రీమాంట్ అని ఒక పేట ఉంది. అక్కడ పెద్ద వంతెన కింద సిమెంటు రాక్షసుడు ఒకడు ఉంటాడు. 18 అడుగుల ఎత్తు, మెరిసే ఒంటికన్ను, ఎడమ చేతి కింద నిజమైన వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు. వంతెనల కింద దాక్కుని దారిన పోయేవాళ్లను పట్టుకునే ట్రోల్ కథలు నార్వే, స్వీడన్ వైపు జానపదాల్లో బోలెడు. వంతెన కింద జాగా చెత్తకుప్పగా మారిపోతే, బాగుచేద్దామని ఆ పేట కళాకారుల సంఘం పోటీ పెట్టింది. నలుగురు కలిసి 1990లో ఈ బొమ్మ చేశారు. మా మేనకోడలు ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తోంది. తన కొడుకు ఆ రాక్షసుడి చేతి మీద ఎక్కి కూర్చున్న ఫొటో పంపి, "మావయ్యా, మన వైపు ఇలాంటివి ఏమున్నాయి?" అని అడిగింది.

ఫోన్లో చెబితే తీరే సంగతి కాదది. అందుకే సంక్రాంతి హడావిడి తగ్గాక మా బావమరిదిని బండి తీయమన్నాను. ధవళేశ్వరంలో బయల్దేరి భీమవరం దాకా తిరిగాం. శిల్పాలకు పేరున్న గుళ్లన్నీ చుట్టిరావాలని కాదు. జనం నోట్లో నలిగిన కథ బొమ్మగా మారాక, ఆ బొమ్మతో జనం రోజూ ఏం చేస్తున్నారో దగ్గరుండి చూడాలని.

మొదటి రోజు: ధవళేశ్వరం, కడియం, బిక్కవోలు

పొద్దున్నే బ్యారేజీ మీద మంచు ఇంకా విడలేదు. లారీలు లైట్లు వేసుకునే వస్తున్నాయి. మధ్యలో లంకలు అడ్డం రావడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా సాగే కట్ట ఇది. మొత్తం 175 గేట్లు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. అంతకుముందు 1847 నుంచి 1852 దాకా కాటన్ కట్టించిన ఆనకట్టే ఈ నేలకు నీళ్లిచ్చింది.

కాటన్ చరిత్ర పురుషుడే. 1803లో పుట్టి 1899లో పోయిన ఇంగ్లీషు ఇంజనీరు. కానీ డెల్టాలో ఆయన ఎప్పుడో చరిత్ర దాటి కథల్లోకి వచ్చేశాడు. గోదావరిలో స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు కలిపి చదివే శ్లోకం ఉంది. అందులో ఆయన భగీరథుడు. పుష్కరాల్లో సొంత తాతముత్తాతలతో పాటు ఆయనకూ తర్పణం వదిలేవాళ్లున్నారు. ఈ జిల్లాల్లో ఊరి సెంటర్లలో గుర్రం మీదనో, కోటు వేసుకుని నిలబడో కనిపించే దొర ఆయనే. చాలాచోట్ల రైతులే చందాలు వేసుకుని పెట్టుకున్నారు.

దారి పక్కన ఒక విగ్రహం దగ్గర బండి ఆపించాను. మెడలో వాడిన బంతిపూల దండ, దాని మీద ఇంకో తాజా దండ. బూట్ల మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. బూటు లేసుల గీతల్లోకి కూడా పసుపు దిగిపోయి ఉంది, కడిగినా పోనంతగా. బూట్లకు పసుపు రాయడం ఇంకెక్కడైనా చూశామా? పక్కన టీ కొట్టాయన్ని అడిగితే, "పండక్కి అమ్మవారికి రాసిన చేత్తోనే ఈయనకీ రాసేత్తారండి. బువ్వ పెట్టినోడు కదండి" అన్నాడు. ఈయన దేవుడా, మనిషా అన్న సందేహం ఆ మాటలో ఎక్కడా లేదు. నాకు అదే నచ్చింది.

కడియపులంక నర్సరీల్లో తీగెల చట్రాలకు మొక్కలు పాకించి ఏనుగులు, నెమళ్లు చేసి పెట్టారు. చూడముచ్చటగా ఉన్నాయి. కాసేపు ఆగి, కాలవ గట్టు రోడ్డు పట్టుకుని అనపర్తి మీదుగా బిక్కవోలు చేరాం.

బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్లున్నాయి. తొమ్మిదో శతాబ్దం నాటివి. కానీ జనం వచ్చేది ముఖ్యంగా వినాయకుడి కోసం. ఈయన దగ్గర పద్ధతే వేరు. ఎదురుగా నిలబడి దండం పెట్టి వెళ్లిపోతే సరిపోదు. పక్కకు వెళ్లి, చెవి దగ్గర నోరు పెట్టి, కోరిక చెప్పుకోవాలి. నేలలో ఉండిపోయిన స్వామి ఒక భక్తుడి కలలోకి వచ్చి తన జాడ చెప్పాడని, బయటికి తీశాక ఏటా కొంచెం పెరుగుతున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

మా ముందు వరసలో ఒక పెద్దావిడ. వంతు రాగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెవిలో మొదలుపెట్టింది. ఒక్క కోరికతో అయ్యేలా లేదు. మధ్యలో ఆగింది, తల వెనక్కి తీసి స్వామి మొహం చూసింది, మళ్లీ వంగి చెప్పింది. వెనక లైను కదలకపోయినా ఎవరూ ఆవిణ్ణి తొందరపెట్టలేదు. తర్వాత ఒక కాలేజీ కుర్రాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. వెయ్యేళ్లు దాటిన రాతి చెవిలో ఇవాళ పొద్దున్న ఫలితాల టెన్షన్ పడింది. మ్యూజియంలో పెట్టి అద్దం బిగించి ఉంటే ఈ రాయికి ఇన్ని కబుర్లు తెలిసేవా?

రెండో రోజు: ర్యాలి, కొత్తపేట

బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కణ్ణుంచి ఆత్రేయపురం. పూతరేకుల కొట్ల దగ్గర బావమరిది ఆగకుండా ఉండలేకపోయాడు. బెల్లంవి తీసుకున్నాం.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గురించి చిన్నప్పటి నుంచీ విన్నా, ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. ఒకటే నల్లరాయి, మనిషంత ఎత్తు. ముందు నుంచి చూస్తే శంఖచక్రాలతో కేశవుడు, చుట్టూ దశావతారాలు. వెనక్కి తిరిగి వెళ్తే ఆయన లేడు, మోహిని ఉంది. అర్చకులు దీపం పట్టుకుని వెనక వైపు తీసుకెళ్లారు. ముందు కొప్పు చూపించారు. ముడిలో వెంట్రుక పాయలు దేనికది విడిగా కనపడుతున్నాయి. దీపం నెమ్మదిగా కిందికి దించి, కాలి పిక్క దగ్గర ఆపి, "ఇదిగోనండి, పుట్టుమచ్చ" అన్నారు. నేను వంగి చూశాను. నల్లరాతి మీద అంతకన్నా నల్లటి చుక్క. దీపం పక్కకు జరిపితే కనపడదు, దగ్గరికి తెస్తే కనపడుతుంది. స్వామి పాదాల దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది. దాన్నే చేతిలో పోశారు.

కథ అందరికీ తెలిసిందే. అమృతం పంచిన మోహిని వెంట శివుడు పడ్డాడు. ఆమె కొప్పులో పువ్వు ఇక్కడ రాలింది. తీసి వాసన చూసి తలెత్తేసరికి ఎదురుగా విష్ణువు. అందుకే ఈ గుడికి ఎదురుగానే శివాలయం ఉంది. స్థలపురాణంలో ఇంకో ముక్క నాకు మరీ ఇష్టం. వేటకొచ్చిన రాజుకు కలలో స్వామి కనిపించి, కొయ్య రథం లాక్కుంటూ వెళ్లు, చీల ఎక్కడ ఊడి పడితే అక్కడ తవ్వు అన్నాడట. తవ్వితే ఈ విగ్రహం దొరికిందంటారు. రథం చీల ఊడటం పల్లెటూరివాళ్లకు బాగా తెలిసిన సంగతి. ఆ ముక్క కల్పించినవాళ్లు ఎవరో గానీ బండి తోలినవాళ్లే అయ్యుంటారు.

అయితే ఆ రెండు వైపుల రూపం రాతిలో ఎలా కుదిరిందో చూస్తే, కథ ముందా, రాయి ముందా అనిపిస్తుంది. ఒకే రాయిలో ఇద్దరిని చెక్కాలంటే భుజాల దగ్గరే అసలు కష్టం. ముందు నుంచి మగవాడి భుజాలు కావాలి, వెనక నుంచి ఆడమనిషివి కావాలి. ఆ కలిసే చోటు కోసం నేను పక్క నుంచి చాలాసేపు చూశాను. పూలదండలు అడ్డం ఉన్నంతలో ఎక్కడా అతుకు తెలియలేదు.

మధ్యాహ్నానికి రావులపాలెం మీదుగా కొత్తపేట. రెండు గోదావరి జిల్లాల్లో ఎవరికి విగ్రహం కావాల్సొచ్చినా ముందు చెప్పే ఊరు ఇది. రోడ్డు పక్క షెడ్లలో తలలు ఒకచోట, చేతులు ఒకచోట. మేం వెళ్లిన షెడ్డులో ఒక అమ్మవారి బొమ్మ మట్టి మీద ఉంది. ముందు ఇనప చువ్వలతో చట్రం కడతారు. దాని మీద బంకమట్టి పెట్టి రూపం తీసుకొస్తారు. మట్టి ఆరిపోకుండా తడిగుడ్డలు కప్పుతూ ఉంటారు. రూపం ఖాయం అయ్యాక ప్లాస్టర్‌తో మూస తీసి, ఫైబర్‌లోనో కంచులోనో పోస్తారు. బయట మనం చూసే విగ్రహంలో ఆ మట్టి ఒక్క పిడికెడు కూడా ఉండదు. కానీ పనంతా మట్టిలోనే.

పనిచేస్తున్నాయన అమ్మవారి కనురెప్పను సన్నటి కొయ్య పుల్లతో సర్దుతున్నాడు. రెప్ప కింద గోరంత మట్టి తీశాడు, దూరం వెళ్లి చూశాడు, తీసినంతా మళ్లీ పెట్టేశాడు. ఎందుకని అడిగితే, "తీత్తే కోపంగా చూత్తందండి. ఊరోళ్లు ఒప్పుకోరు" అన్నాడు. మూస తీసేముందు ఆర్డరిచ్చిన ఊరివాళ్లు వ్యానేసుకుని వచ్చి చూసుకుంటారట. ముక్కు పొడుగైందంటారు, బొట్టు ఇంకా పెద్దదుండాలంటారు. అలా వచ్చినవాళ్లలో పెద్దవాళ్ల మాటే ఎక్కువ నెగ్గుతుందని చెప్పాడు. మరి నాయకుల విగ్రహాలకో? "వాటికి ఫొటో ఉంటదండి. అమ్మవారికి ఫొటో లేదు గదండి, ఆళ్ల మనసులో ఉంటది."

ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట ఇదే.

మూడో రోజు: అంబాజీపేట, గన్నవరం

అంబాజీపేట దగ్గర మొసలపల్లి జగ్గన్నతోట చూడాలని వెళ్లాం. కనుమ నాడు అక్కడ పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద వచ్చి కలుస్తారు. ప్రభంటే వెదురు చట్రానికి రంగు గుడ్డలు చుట్టి, జనం మోసుకొచ్చే కట్టడం. వ్యాఘ్రేశ్వరం స్వామి వచ్చేసరికి మిగిలిన ప్రభలను పైకి లేపి గౌరవించడం ఆచారం. తీర్థం నాలుగు వందల ఏళ్లకు పైబడిందని చెబుతారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఇదే. మేం వెళ్లేసరికి పండగ అయిపోయి తోట ఖాళీ. కొబ్బరిచెట్లు, గట్టు మీద గడ్డి, అంతే. తీర్థానికి వచ్చే ఊళ్లలో ఒకదానిలో గుడి వెనక ప్రభ చట్రం విప్పి పెట్టి ఉంది. వెదురు బద్దలు కట్టలు కట్టలుగా, రంగు గుడ్డలు మడతలుగా, తాళ్లు చుట్టలుగా.

ప్రభను శిల్పం అనొచ్చా అని బావమరిది అడిగాడు. నా మట్టుకు నాకు అది శిల్పమే. ఊరంతా కలిసి కట్టే శిల్పం. ఒక్కరోజు నిలబడి మళ్లీ వెదురు బద్దలుగా విడిపోతుంది, వచ్చే ఏడు మళ్లీ కడతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక అనే ఏరు దాటేటప్పుడు మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో దిగి "అశ్శరభ శరభ" అంటూ ఒడ్డెక్కిస్తారు. దారిలో పచ్చటి చేలు తొక్కుకుంటూ వెళ్లినా ఏ రైతూ అభ్యంతరం చెప్పడు. తన చేలోంచి ప్రభ వెళ్లడం మంచిదనే అనుకుంటాడు.

అక్కణ్ణుంచి గన్నవరం. ఇక్కడ గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలవ దాటుతుంది. కింద నది, పైన కాలవ. కాటన్ కాలంలో 49 తోరణాలతో కట్టిన పాత అక్విడెక్టు పక్కనే కొత్తది కట్టారు. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చారు. 1909లో పోయారు. లంకల్లో ఇల్లు, చుట్టూ నది, రేవు దాటి వచ్చేవాళ్లకు ఆకలి. ఏ వేళకు తలుపు కొట్టినా అన్నం పెట్టేవారు. ఆవిడ మీద చెప్పుకునే కథల్లో నాకు పల్లకీ కథ ఇష్టం. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూసుకుందామని పల్లకీలో బయల్దేరారు. దారిలో ఒక పెళ్లివారి గుంపు ఎదురైంది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దవాళ్లు, "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం సీతమ్మ గారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది" అంటున్నారు. అది విని ఆవిడ బోయీలను అక్కడికక్కడే వెనక్కి తిప్పించి, అడ్డదారిన వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

అంతర్వేది స్వామి సంగతేమిటని ఆ కథలో ఎవరూ అడగరు. ఏడో ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకం సందర్భంలో ఆవిడ ఫొటో తెప్పించుకుని కుర్చీలో పెట్టించి గౌరవించాడని కూడా చెప్పుకుంటారు. నెత్తిన చెంగు కప్పుకున్న ఆ ముసలావిడ రూపం ఇప్పుడు బడి పిల్లలందరికీ తెలుసు, ఎందుకంటే 2024 నుంచి మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు.

అక్విడెక్టు మీద నిలబడి మేనకోడలికి ఫోన్ చేశాను. మీ ఊళ్లో వంతెన కింద ఉన్నవాడు దారిన పోయేవాళ్లను తినేవాడు, మా ఊళ్లో వంతెనకు పేరున్నావిడ దారిన పోయేవాళ్లకు పెట్టింది అని చెప్పాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలు ఎక్కడానికి ఉందా మావయ్యా?" అంది. లేదు. ఊళ్లలో ఉన్న ఆవిడ విగ్రహాలకు దండలు వేస్తాం, చుట్టూ గ్రిల్లు కడతాం. పల్లకీ వెనక్కి తిప్పించిన ఆ ఘడియను బొమ్మగా చేసింది ఎక్కడా నా కంటపడలేదు. ఇంత గొప్ప ఘడియ మన కళ్ల ముందుంటే ఎప్పుడూ కూర్చోబెట్టిన విగ్రహాలే ఎందుకు?

నాలుగో రోజు: అంతర్వేది

గాలి ఎక్కువగా ఉంది. స్వామి దర్శనం త్వరగానే అయింది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక 2021లో కొత్తది వచ్చింది. భీష్మ ఏకాదశికి తీయడానికి దాన్ని సిద్ధం చేస్తున్నారు.

నేను చూడాలనుకున్నది గుర్రాలక్కను. అశ్వరూఢాంబిక అని పుస్తకాల్లో రాస్తారు, జనానికి మాత్రం గుర్రాలక్కే. రక్తవిలోచనుడనే రాక్షసుడి ఒంట్లోంచి నేల మీద పడిన ప్రతి రక్తపు బొట్టుకూ ఇంకో రాక్షసుడు పుట్టేవాడు. నరసింహస్వామి ఎంత నరికినా తెగలేదు. అప్పుడు ఈ తల్లి రక్తం నేలకు తగలకుండా నాలుక చాపి ఆపింది. స్వామికి చెల్లెలైంది. రథోత్సవంలో స్వామి ఊరేగింపు చెల్లెలి గుడి దగ్గర ఆగి చీర, సారె ఇచ్చి కదులుతుంది. యుద్ధం చేసిన తల్లికి పుట్టింటి సారె! ఈ ముగింపు మన ఆడవాళ్లే కట్టి ఉంటారు.

సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనూ మనుషులనూ నది దాటించే పడవ) ఎక్కి నరసాపురంలో దిగాం.

ఐదో రోజు: భీమవరం

భీమవరంలో మావుళ్ళమ్మ జాతర నడుస్తోంది. పండక్కి మొదలై వారాల తరబడి సాగుతుంది. నీరుల్లి, కూరగాయలు, పండ్ల వర్తకుల సంఘం దీన్ని జరిపిస్తుంది. అందుకే బజారు వేరు, గుడి వేరు అన్నట్టుండదు. ఉల్లిపాయల బస్తాల మధ్య నుంచి వెళ్తుంటే మైకులో బుర్రకథ వినపడుతోంది.

అమ్మవారి విగ్రహం చాలా పెద్దది, తలెత్తి చూడాల్సిందే. మొదటి విగ్రహం 1910 నాటి వరదల్లో పాడైపోయిందని, మళ్లీ చేసినప్పుడు రూపం బాగా ఉగ్రంగా రావడంతో జనం భయపడ్డారని, తర్వాత ఇంకో శిల్పి మొహాన్ని శాంతంగా మలిచాడని ఊళ్లో చెబుతారు. ఇప్పుడు చూస్తే కళ్లు పెద్దవే, కానీ బెదిరించవు. కొత్తపేట షెడ్డులో కనురెప్ప కింద మట్టి మళ్లీ పెట్టేసిన చెయ్యి గుర్తొచ్చింది. వందేళ్ల కింద ఇక్కడ జరిగిందీ అదే. శిల్పి చేశాడు, ఊరు చూసింది, బాగాలేదంది, మార్పించుకుంది. ఈ ఊరికి ఆ మొహం ఇంత సొంతంగా ఉండటానికి అదొక కారణం అనుకుంటాను.

సాయంత్రం ఏఎస్సార్ నగర్ పార్కుకు వెళ్లాం. 30 అడుగుల అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం ఉంది. 125వ జయంతికి, 2022 జులై 4న ప్రధాని ఆవిష్కరించారు. రాజు గారి సొంతూరు మోగల్లు ఇక్కడికి దగ్గరే. బుల్లెట్లు తగలవని, ఒకేసారి రెండు చోట్ల కనపడేవాడని ఆయన మీదా మన్యంలో కథలు పుట్టాయి. విగ్రహం గంభీరంగా ఉంది, చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక చంటిపిల్లాడు విల్లు చూసి పుల్లముక్కతో అలాగే నిలబడ్డాడు. వాళ్ల నాన్న ఫొటో తీసుకున్నాడు. అంతకుమించి ఆ విగ్రహంతో చేయడానికి ఎవరికీ ఏమీ లేదు. అంత ఎత్తున ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు బాగుచేస్తారు, సెంటర్లలో కొత్త బొమ్మలు పెడతారు. ఆ కమిటీల్లో ఎవరైనా ఇది చదువుతుంటే నా కోరిక ఒకటి. గన్నవరం రేవు దగ్గర సీతమ్మ గారి పల్లకీ చేయించండి. వెనక్కి తిరుగుతున్న పల్లకీ, మొహం చిట్లించిన బోయీలు, తెర పక్కకు తీసి తల బయటపెట్టిన సీతమ్మ గారు. నేల మీదే పెట్టండి. ఆవిడ పక్కన ఇద్దరు పిల్లలు ఎక్కి కూర్చునేంత జాగా ఉంచండి, గ్రిల్లు కట్టకండి. ఇంకో మాట. మట్టి మీద ఉన్నప్పుడే గన్నవరం పెద్దవాళ్లను ఒక వ్యానులో కొత్తపేట తీసుకెళ్లి చూపించండి. ముక్కు అలా ఉండదంటే మార్పించండి.